కన్నం పూడ్చే ముందు

1988 ఆగస్టు ఇరవై ఆరో తేదీ, వరలక్ష్మీ వ్రతం శుక్రవారం, ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలు. అమలాపురంలో మా కాలేజీ కంప్యూటరు గదిలో, తాళంచెవి లేకుండా, నేను ఆ యంత్రానికి యజమానిని అయ్యాను. ప్రిన్సిపాల్ గారు నా కుర్చీ వెనకాల నిలబడి చూస్తుండగా అయ్యాను. చూడమని ఆయన్ని పిలిచింది కూడా నేనే.

కంప్యూటర్ల మీద బతుకుతున్న పిల్లలు ఇప్పుడు ఇంటికొకరు ఉన్నారు. వాళ్ళు చదువుతారని ఇది రాస్తున్నాను. మీకు తెలిసిన విద్య మీకు నేర్పేంత దాన్ని కాను. ఆ వారం మాకు ఏం జరిగిందో చెబుతాను, అందులో మీకు పనికొచ్చేది ఉంటే తీసుకోండి.

ముందు నా సంగతి. నేను చిన్నప్పుడు బడి ముఖం చూడలేదు. రాజోలు దగ్గర మా ఊళ్ళో పదేళ్ళకే వరి ఊడ్పుల్లోకి దిగాను. ముప్పై ఒకటో ఏట అక్షరాలు దిద్దాను. మా చర్చి అరుగు మీద పాస్టరమ్మగారు మధ్యాహ్నం పూట పెద్దవాళ్ళకి చదువు చెప్పేవారు. నా పక్కన పలక పట్టుకుని కూర్చున్నది మా అత్తగారు. ఆవిడ నాకంటే వారం ముందే గుణింతాలు పూర్తి చేసి, ఇంటికెళ్ళాక నా పలక దిద్దేది. ఆ పట్టుదల మీదే నేను ఏడో తరగతి ప్రైవేటుగా కట్టి పాసయ్యానని ఇప్పటికీ అనుకుంటాను.

కాలేజీలో చేరింది ఊడ్చే పనికి. తర్వాత బంట్రోతు పని కూడా చేయించేవారు. కంప్యూటరు వచ్చాక దానికి దుమ్ము పడదన్నారు. బీరువా అంత యంత్రం, పక్క హాల్లో ఎనిమిది టెర్మినళ్ళు. దుమ్ము తుడవడంలో నన్ను మించినవాళ్ళు లేరు గనుక నన్ను ఆ గదికి వేశారు. ఆ యంత్రాన్ని చూసుకునే లెక్చరరు గారు ఇరవై ఏడేళ్ళ మనిషి, కొత్తపేట నుంచి రోజూ బస్సులో వచ్చేవారు. ఆయన్ని సారు అనేవాళ్ళం. నేను కీబోర్డు తుడుస్తూ తుడుస్తూ ఇంగ్లీషు అక్షరాలు నేర్చుకున్నానని తెలిసి ఆయన ఆశ్చర్యపోయారు. నా ఇంగ్లీషు అక్షరమాల ఈ రోజుకీ 'క్యూ'తో మొదలై 'ఎమ్'తో పూర్తవుతుంది. మీకు నవ్వొస్తే నవ్వండి. పని మాత్రం ఆగలేదు. టేపులు మార్చడం, ప్రింటర్లో ఇరుక్కున్న కాగితం తీయడం, కొత్త పిల్లలకి ఖాతాలు తెరవడం, అన్నీ ఆయనే నేర్పారు. ఏడాదిపాటు చూసి ఆ పనిలో ఖాయం చేస్తామని ప్రిన్సిపాల్ గారు మాటిచ్చారు. ఆ ఏడాది ఆ ఆగస్టుతో పూర్తవుతుంది.

ఆ యంత్రంలో నడిచేది యూనిక్స్. దాంట్లో ప్రతి విద్యార్థికీ ఒక గది ఉన్నట్టు లెక్క. ఎవరి గదిలో వాళ్ళు ఏమైనా చేసుకోవచ్చు, పక్క గది ముట్టుకోకూడదు. యజమాని ఖాతా ఒకటి ఉంటుంది, దానికి అన్ని గదులూ తెరుచుకుంటాయి. మామూలు వాళ్ళు కూర్చుంటే తెర మీద డాలరు గుర్తు వస్తుంది. యజమాని కూర్చుంటే అడ్డంగా రెండు, నిలువుగా రెండు, నాలుగు గీతల గుర్తు వస్తుంది. ఆ ఖాతా పాస్‌వర్డు సారుకీ నాకూ తప్ప ఇంకెవరికీ తెలియదు.

ఆ వారం సోమవారం నాడు సారు పని మీద కాకినాడ వెళ్ళారు. పదకొండు దాటాక హాల్లో టెర్మినలు తెరిచిన ప్రతి పిల్లాడికీ ఒక ప్రకటన కనబడింది. మధ్యాహ్నం నుంచి కాలేజీకి సెలవు అని ఇంగ్లీషులో, పెద్ద అక్షరాల్లో. కంప్యూటరు చెబితే అది దేవుడు చెప్పినట్టే ఆ రోజుల్లో. భోజనాల వేళకి కాలేజీలో సగం మంది సినిమా హాలు దగ్గర ఉన్నారు. ఇద్దరు లెక్చరర్లు కూడా వెళ్ళారు, ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. ప్రిన్సిపాల్ గారు రెండింటికి క్లాసు చెప్పడానికి వెళితే బల్లలు ఉన్నాయి, మనుషులు లేరు.

నన్ను పిలిపించారు.

"ఏమ్మా, ఆ ప్రకటన రాయాలంటే యజమాని ఖాతాలోంచే రాయాలట కదా?"

"ఆయ్."

"ఆ పాస్‌వర్డు ఎవరెవరికి తెలుసు?"

"సారుకీ నాకూనండి."

"సారు కాకినాడలో ఉన్నారు. మరి మిగిలిందెవరు?"

"నేనేనండి. కానీ నేను రాయలేదండి."

"నువ్వు రాసేవని నేనట్లేదు. ఎక్కడో కాగితం మీద రాసుకుని ఉంటావు, పిల్లలు చూసి ఉంటారు. కొత్తగా చదువొచ్చిన వాళ్ళకి ప్రతిదీ రాసుకోవడం సరదా."

నాకు కోపం వచ్చింది. వస్తే దాచుకోవడం నాకు రాదు. "చిన్నప్పుడే చదువొచ్చిన వాళ్ళకండి, రాసుకునే అలవాటు. ముప్పై ఏళ్ళు నేను ఏదీ రాసుకోలేదండి. ఏ మడికి ఎన్ని కట్టల నారు వెళ్ళిందో, ఎవరు ఏ రోజు పనికి రాలేదో అంతా నా తలలోనే ఉండేది. ఒక్క మాట దాచుకోలేనాండీ?" అన్నాను. అప్పుడు నాకో తెలివైన ఆలోచన వచ్చింది. "సారు రాగానే పాస్‌వర్డు మార్చేయమనండి. నాకు చెప్పొద్దనండి. మళ్ళీ అలాంటిది వచ్చిందంటే నేను కాదని మీకే తెలిసిపోద్ది."

సారు ఆ సాయంత్రమే మార్చారు. నా తెలివికి నేనే మురిసిపోతూ ఇంటికి వెళ్ళాను. మంగళవారం ఏమీ రాలేదు. బుధవారం కూడా రాలేదు. అంటే నాకు పాస్‌వర్డు తెలిసినన్నాళ్ళూ దొంగతనం జరిగింది, తెలియకుండా పోగానే ఆగిపోయింది. నా ఉచ్చు నేనే పేనుకుని నా మెడకే తగిలించుకున్నాను. బుధవారం సాయంత్రం ప్రిన్సిపాల్ గారు, శనివారం కల్లా గది అప్పగించమన్నారు. సోమవారం నుంచి హాస్టల్లో ఊడ్చే పని. గొంతు పెంచలేదు, మర్యాదగానే చెప్పారు. అది ఇంకా బాధ.

ఊడ్చే పని తక్కువని కాదు నా బాధ. రహస్యం దాచలేని మనిషినన్న పేరుతో వెనక్కి వెళ్ళడం నాకు ఇష్టం లేదు.

గురువారం మధ్యాహ్నం సారు ఒక్కరే ఉన్నప్పుడు అడిగాను. కాలేజీ అంతా నన్ను పిన్నిగారనే పిలిచేది, ప్రిన్సిపాల్ గారు తప్ప. సారు కూడా అలాగే అనేవారు.

"సారూ, తాళం తియ్యకుండా లోపలికొచ్చే దారి ఏదన్నా ఉంటదాండీ?"

"ఉంటే బిళ్ళ ఉన్నవాళ్ళ వెనకాల రావాలండి, పిన్నిగారూ," అన్నారు.

బిళ్ళ అన్నది మా ఇద్దరి మధ్య మాట. పూర్వం కలెక్టరు గారి బంట్రోతుకి భుజం మీదుగా పట్టీ, దాని మీద ఇత్తడి బిళ్ళ ఉండేది. మనిషి బంట్రోతే, జీతమూ బంట్రోతుదే, కానీ బిళ్ళ చూస్తే కలెక్టరు వచ్చినట్టే గేటు తీసేవారు. యూనిక్స్‌లో కొన్ని ప్రోగ్రాములకి అలాంటి బిళ్ళ ఇస్తారు. వాటిని ఎవరు నడిపినా, అవి నడిచినంతసేపూ యజమాని అధికారంతో నడుస్తాయి. పిల్లాడు తన పాస్‌వర్డు మార్చుకోవాలంటే యజమాని పుస్తకంలో రాయాలి కదా, ఆ ప్రోగ్రాముకి బిళ్ళ ఉండి తీరాలి.

"బిళ్ళలెవరెవరికున్నాయో జాబితా తియ్యండి," అన్నాను.

తీశారు. ముప్పై ఒక్క పేర్లు. సారు ఒక్క చూపు చూసి "అన్నీ కంపెనీవాళ్ళిచ్చినవేనండి," అని కాగితం పక్కన పెట్టారు. చిన్నప్పటి నుంచీ చదివే వాళ్ళు అలాగే చదువుతారు, కంటితో తుడిచినట్టు. నాకు అలా రాదు. ఇప్పటికీ వేలు పెట్టి చదువుతాను. వేలు పెట్టి ఒక్కో వరసా, ఆ చివర తేదీతో సహా చదువుకుంటూ వచ్చాను. అన్నిటికీ ఒకటే తేదీ, యంత్రం తయారైన నాటిది. ఇరవై రెండో దగ్గర వేలు ఆగింది.

"ఇదేటండీ, దీని పుట్టినరోజు వేరే ఉంది. మొన్న ఫిబ్రవరిలో పుట్టింది."

సారు కాగితం తీసుకుని చూశారు. కుర్చీలో వెనక్కి వాలారు. "అది నాదేనండీ," అన్నారు.

ఫిబ్రవరిలో పరీక్షల ముందు ప్రింటరు మొండికేసింది. పిల్లలు పంపిన కాగితాలు రావడం లేదు. సారు ఒక్క పూటలో చిన్న ప్రోగ్రాము రాసి, అనుమతుల గొడవ లేకుండా దానికి యజమాని బిళ్ళ తగిలించి, పరీక్షలయ్యాక తీసేద్దామనుకున్నారు. తర్వాత మర్చిపోయారు.

"ఏం చేస్తదండీ ఇది?"

"పిల్లాడి కాగితం తీసుకుని, పైన పేరూ తేదీ వేసి ప్రింటరుకి పంపుద్దండి."

"తేదీ దానికెలా తెలుసండీ?"

"డేట్ అని ఇంకో చిన్న ప్రోగ్రాము ఉంది కదండీ, దాన్ని పిలిచి అడుగుద్ది."

"ఏమని పిలుస్తది?"

"డేట్ అనే."

"ఉత్త పేరేనాండీ? ఇంటిపేరు, వీధి, ఏం చెప్పదా?"

నేను ఎందుకు అడిగానో చెప్పాలి. బంట్రోతుగా ఉన్న కొత్తలో ఒకసారి కరెంటు పోయింది. ప్రిన్సిపాల్ గారు "అబ్బులుని పిలు" అన్నారు. కోనసీమలో అబ్బులు అని ఎవరిని పిలవాలి? అమలాపురం బస్టాండులో అబ్బులూ అని కేకేస్తే బస్సు డ్రైవరుతో సహా పదిమంది తల తిప్పుతారు. నాకు గేటు దగ్గర ముందుగా కనిపించిన అబ్బులునే తెచ్చాను. అతను కాలేజీ కొబ్బరి చెట్లెక్కి కాయల దింపు తీయడానికి వచ్చినవాడు. మొలలో కత్తితో, చీకట్లో, నేరుగా ప్రిన్సిపాల్ గారి బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. అయ్యగారు కావాలన్నది ఎలక్ట్రీషియన్ అబ్బులునట. ఆ రోజు పడ్డ చీవాట్ల తర్వాత ఎవరిని పిలవమన్నా, ఏ అబ్బులండీ, ఏ వీధండీ అని అడగకుండా నేను గుమ్మం దాటలేదు.

"ఉత్త పేరేనండి," అన్నారు సారు.

"అలాగైతే ఎవరి పెరట్లోంచి పిలిస్తే ఆ పెరట్లో అబ్బులే ముందు పలుకుతాడు కదండీ. పిల్లాడు తన గదిలో ఒక దొంగ అబ్బులుని కూర్చోబెట్టుకుంటేనో?"

సారు కీబోర్డు దగ్గరికి లాక్కున్నారు. ఒక మామూలు ఖాతా తెరిచి, అందులో డేట్ అనే పేరుతోనే ఒక్క వరస ఫైలు రాశారు. తేదీ చెప్పమని కాదు, కొత్త ఆదేశాల కోసం కాచుకుని కూర్చోమని. తర్వాత ప్రింటు ప్రోగ్రాముని నడిపారు. అది బిళ్ళ పెట్టుకుని బయల్దేరి, డేట్ అని పిలిచింది, పక్కనున్న దొంగవాడు పలికాడు, బిళ్ళ వాడి చేతికి వెళ్ళింది. డాలరు గుర్తు పోయి నాలుగు గీతలు వచ్చాయి.

"పిన్నిగారూ, కాసిని మంచినీళ్ళిప్పించండి," అన్నారు సారు.

తాగి, వెంటనే ప్రోగ్రాము తెరిచారు. "రెండు నిమిషాల పనండి. పూర్తి చిరునామాతో పిలిచేలా రాసేస్తాను. ఇక ఎవరూ రాలేరు."

"రాసేసేక?"

"రాసేస్తే అయిపోయింది కదండీ."

"అయిపోయేది నేనండీ," అన్నాను. "కన్నం పూడ్చి, సున్నం కొట్టిన గోడ చూపించి, ఇక్కడ కన్నముండేదంటే ఎవరు నమ్ముతారు? ఇంట్లో మనిషే తీసిందంటారు. పూడ్చకండి. రేపు ప్రిన్సిపాల్ గారికి చూపించేక పూడ్చుదాం."

ఆయన మంచివారు. అందుకే నేనన్నదానికి వెంటనే ఒప్పుకోలేదు. "లోపల మార్కుల ఫైలుందండీ. దారి ఉందని తెలిసీ ఒక్క పూట వదిలేసినా తప్పే," అన్నారు. అదీ నిజమే. నా పేరు కోసం అందరి మార్కులూ పణంగా పెట్టమనడానికి నాకు హక్కు లేదు.

"ఎనిమిది టెర్మినళ్ళ వైర్లూ పీకేద్దామండి. హాలుకి తాళమేసి, చెవి ప్రిన్సిపాల్ గారికే ఇచ్చేద్దాం. రేపు ఆయన మనిషే తీస్తాడు," అన్నాను.

సారు తల ఊపారు. తర్వాత నెమ్మదిగా, "నా తప్పని నేనే చెప్పాలి కదండీ," అన్నారు.

"ఆయ్. మీరు చెప్పకపోతే నేను చెప్తాను. అదేం బాగోదు."

ఆయన నవ్వారు. ఆ వారంలో ఆ గదిలో ఎవరైనా నవ్వడం అదే మొదలు.

శుక్రవారం పదకొండింటికి ప్రిన్సిపాల్ గారు పట్టుపంచె మీదే వచ్చారు. "త్వరగా కానివ్వండమ్మా, ఇంట్లో కలశం పెట్టేసేరు," అన్నారు. వాచ్‌మన్ హాలు తాళం తీశాడు. గదికీ హాలుకీ మధ్యనున్న అద్దం వెనక పిల్లలు మూగారు. ఏసీ మెకానిక్కు అప్పటికే గదిలో నిచ్చెన మీద ఉన్నాడు. ఆఫీసు గుమాస్తా గారు ఒక కాగితం మీద సంతకం కోసం వచ్చి తలుపు పక్కన నిలబడ్డారు. అది నన్ను హాస్టలుకి పంపే ఆర్డరు. నేను చూసి చూడనట్టున్నాను.

సారు నిలబడి, ఫిబ్రవరిలో తను చేసింది మొత్తం చెప్పారు. ఒక్క మాట కూడా తగ్గించుకోలేదు. ప్రిన్సిపాల్ గారికి సగం అర్థమైంది. అందుకే నేను చెప్పాను, మీ పేరు మీదే ఒక మామూలు ఖాతా తెరుస్తామండి, పాస్‌వర్డు మీరే పెట్టుకోండి, మేం అటు తిరుగుతాం అని. ఆయన ఉత్తరీయం అడ్డం పెట్టుకుని పాస్‌వర్డు కొట్టారు. డాలరు గుర్తు వచ్చింది. నేను కుర్చీలో కూర్చున్నాను.

రెండు వేళ్ళతో కొడతాను నేను. ఒక్క వరస ఫైలు. దాని పేరు డేట్. తర్వాత ప్రింటు. పదకొండు ఇరవై. నాలుగు గీతలు.

"ఇప్పుడు మీరు యజమానండి," అన్నాను. "ఎవరూ మీకు పాస్‌వర్డు చెప్పలేదు." ఇంకా నమ్మకం కుదరాలని, ఆ ప్రకటన ఫైలులో ఒక వాక్యం కొట్టాను. ఆయన్ని ఖాతాలోంచి బయటికి వచ్చి మళ్ళీ లోపలికి వెళ్ళమన్నాను. తెర మీద వచ్చింది, ఈ రోజు కాలేజీ ఉంది అని, ఇంగ్లీషులో, పెద్ద అక్షరాల్లో. నిచ్చెన మీది మెకానిక్కు ముందు నవ్వాడు. తర్వాత ప్రిన్సిపాల్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, భుజాలు కదిలేలా నవ్వారు.

అప్పుడు తలుపు తోసుకుని ఒక కుర్రాడు లోపలికి వచ్చాడు. కాట్రేనికోన పిల్లాడు, రెండో సంవత్సరం. కాళ్ళకి బురద చెప్పులు.

"పిన్నిగారు కాదండీ. మేమండీ."

"ముందు చెప్పులు విప్పు," అన్నాను.

విప్పి చేత్తో పట్టుకున్నాడు. వాడి వెనకే పలివెల కుర్రాడు, చేతులు కట్టుకుని. వాళ్ళ కాగితం మీద ఒక రోజు తప్పు తేదీ పడిందట. ఎందుకు పడిందని తవ్వుకుంటూ పోతే, పలివెల వాడు తన గదిలో సరదాకి డేట్ అనే పేరుతో రాసుకున్న ప్రోగ్రామే పలికిందని తెలిసిందట. ఆ తర్వాత ఊరుకోలేకపోయారు.

"మరి మంగళవారం, బుధవారం ఏం చేసేర్రా?" అని అడిగాను.

"మీ మీదకొచ్చిందని తెలిసి భయమేసిందండి."

"భయమేస్తే వచ్చి చెప్తారుగానీ దాక్కుంటారేట్రా. నా కొంప మునిగేది."

"తప్పేనండి."

ప్రిన్సిపాల్ గారు కాసేపు ఆలోచించి, ఇద్దరూ నెల రోజులు ఈ గది ఊడవండి అన్నారు. నేను ఒప్పుకోలేదు. "ఊడవడం శిక్షేటండీ? నేను పదకొండేళ్ళు చేసేనది. శిక్షలా ఊడిస్తే మూలలు వదిలేస్తారు, ఆ దుమ్మంతా మిషన్లోకి పోద్ది. ఇంకా ముప్పై బిళ్ళలున్నాయి. ఒక్కొక్కటీ వీళ్ళచేత చూపించండి. కన్నం దొరికితే ముందు నాకు చెప్పాలి." దానికి ఆయన సరేనన్నారు.

ఇక సారు పూడ్చారు. పూర్తి చిరునామాతో, ఏ గదిలోంచి పిలిచినా అసలైన డేట్ పలికేలా రాశారు. నేను పక్కనే కూర్చుని అడిగాను, ప్రింటరు దాకా వెళ్ళడానికి వీడికి కలెక్టరు బిళ్ళెందుకండీ, ప్రింటరు గుమాస్తా చీటీ చాలదా అని. సారు బుర్ర గోక్కుని ఆ బిళ్ళ కూడా తీసేశారు. ఆ నెలలో ఆ ఇద్దరు పిల్లలూ కలిసి ఇంకో తొమ్మిదింటికి బిళ్ళలు అక్కర్లేదని తేల్చారు. అన్నీ కంపెనీ వాళ్ళవే, వాటిలో ఒకదానికి ఇదే కన్నం. బెంగళూరు నుంచి కంపెనీ ఇంజనీరు వచ్చి, మా పుస్తకంలో ఉండాలని రాసుందని చెప్పి బిళ్ళలన్నీ మళ్ళీ తగిలించాడు. పాపం మంచి కుర్రాడే, మా ఇంట్లో పనసపొట్టు కూర రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడు. అతని బస్సు కదిలాక నేను వెళ్ళి మళ్ళీ తీసేశాను.

తప్పు దొరికితే గబగబా సరిచేసి ఊరుకోవడం మీకు అలవాటు. మంచిదే. కానీ ఆ తప్పు అప్పటికే ఎవరి నెత్తిన పడి ఉందో ఒకసారి చూడండి. మా సారు చూశారు కాబట్టి ఇవాళ నేనిది రాస్తున్నాను.

ఆ రోజు ఆ గదిలో ఎవరెవరున్నారో చెప్పి ముగిస్తాను. పేర్లు రాయను. కొందరిప్పుడు పెద్ద ఉద్యోగాల్లో ఉన్నారు, కొందరు లేరు. వ్రతానికి గంట ఆలస్యంగా ఇంటికి వెళ్ళి మాటలు పడ్డ ప్రిన్సిపాల్ గారు. తన తప్పు తనే నిలబడి చెప్పిన సారు. చెప్పులు చేత్తో పట్టుకున్న కాట్రేనికోన కుర్రాడు. చేతులు కట్టుకున్న పలివెల కుర్రాడు. తాళంచెవుల గుత్తి పట్టుకున్న వాచ్‌మన్. అంతా అయిపోయినా నిచ్చెన దిగని ఏసీ మెకానిక్కు. నన్ను హాస్టలుకి పంపే ఆర్డరు చేతిలో పట్టుకుని, ఏం చేయాలో తెలియక నిలబడ్డ గుమాస్తా గారు. ఆయన చేతిలోంచి ప్రిన్సిపాల్ గారు ఆ కాగితం తీసుకుని, వెనక్కి తిప్పి, ఖాళీ వైపు తన చేత్తోనే రాసి, చదువుకోండమ్మా అని నాకిచ్చారు. వేలు పెట్టి చదివాను. కాబట్టి చివరి మనిషి, అదే గదిలో ఖాయమైన ఆపరేటరు, నేను.